ఊ కొడితేనే కంప్యూటర్

మానేటిపేటలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా ముందు అయ్యగారికి తెలుస్తుంది, ఆ తర్వాత గుండెల్లి శ్రీశైలానికి తెలుస్తుంది. అయ్యగారు ముహూర్తం పెడతాడు, శ్రీశైలం కార్డు కొడతాడు. పాత బస్టాండు వెనక సందులో వాళ్ల ఇంటి ముందుగదే దుకాణం. అందులో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, గోడ నిండా నమూనా కార్డులు. పన్నెండేళ్లుగా మూడు మండలాల జంటల్ని ఆయన పసుపు అంచు కాగితం మీద పక్కపక్కన నిలబెడుతున్నాడు. ముప్పై మూడేళ్లు వచ్చినా తన కార్డు తాను కొట్టుకునే యోగం మాత్రం పట్టలేదు. పదకొండు సంబంధాలు వచ్చాయి, చాయ్ తాగాయి, పోయాయి.

పన్నెండోది కుదిరింది. పిల్ల పేరు స్వరూప. డిగ్రీ చదివి బస్సు కండక్టరుగా చేస్తున్నది. చూపుల నాడు పిలగాడు నచ్చాడా అని పెద్దలు అడిగితే తల వంచుకుని "ఊ" అన్నది. పొద్దుటి డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చున్న మనిషి కనుక తల వంచింది సిగ్గుతోనా, నిద్రతోనా అని ఎవరూ విచారించలేదు. ఊ అన్నది, అంతే చాలు. ఇరవై రెండో నాటికి ముహూర్తం పెట్టారు. అది దాటితే మూఢం. నాలుగు నెలల దాకా మంచిరోజు లేదు.

శ్రీశైలం తల్లి లచ్చవ్వకు ఆ మూఢమంటేనే గుండెదడ. పదకొండు సార్లు చాయ్ పెట్టిన చెయ్యి ఆమెది.

"నాలుగు నెలలు పొద్దు ఇస్తే ఏ పిల్లయినా ఆలోచన చేస్తది కొడుకా," అన్నదామె. "ఆలోచన చేస్తే మనకు పిల్ల దొరుకది."

అటుపక్కన పిల్ల మేనమామ ఒక మాట పంపాడు. పెళ్లికి పదిహేను రోజుల ముందే మొదటి కార్డు, నాలుగు మూలల పసుపుతో, తన చేతిలో పడాలి. ఫోనులో పిలిచే పెళ్లికి తాను రాడు. మేనమామ రాని పెళ్లికి పిల్ల తండ్రి ఒప్పుకోడు. లెక్క చూస్తే శ్రీశైలానికి వారం రోజుల గడువుంది. కార్డు కొట్టడం ఆయనకు గంట పని. పైగా ఈ కార్డు పన్నెండేళ్లుగా ఆయన మనసులో తయారవుతూనే ఉంది. ఎవరి కార్డు కొట్టినా మంచి అంచు ఒకటి, మంచి అక్షరం ఒకటి తన కోసమని పక్కకు తీసి దాచుకున్నాడు.

స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది వెంటనే కొత్త మార్పులు చేసుకుంటున్నాను, దయచేసి నన్ను ఆపకండి అన్నది. దానికి ఆ అలవాటుంది. ఊరికే కూర్చున్న రోజుల్లో ఏ మార్పూ చేసుకోదు, గిరాకీ వచ్చి నెత్తిమీద నిలబడితే తప్ప దానికి తన అభివృద్ధి గుర్తుకు రాదు. తెర మీద చక్రం గిరగిరా తిరిగింది. నూటికి నూరు అయ్యింది, మళ్లీ ముప్పైకి వచ్చింది, మళ్లీ నూరయ్యింది. చివరికి చీమల బారులాంటి పొడుగాటి రాత వచ్చి, దాని కింద 'చదివాను, అంగీకరిస్తున్నాను' అనే మీట వచ్చింది.

ఆ మీటను శ్రీశైలం ఇన్నేళ్లూ దోమను కొట్టినట్టు కొట్టేవాడు. ఈసారి కొడితే కదల్లేదు. బూడిద రంగులో ఉంది, దాని మీద తాళం బొమ్మ ఉంది, కింద సన్నటి అక్షరాల్లో, మీ సమీప అంగీకార కేంద్రమును సంప్రదించుడు అని ఉంది.

ఆ తాళం రాజధానిలో తయారైంది. ఒక పెద్ద అధికారి కొత్త ఫోనులో టార్చిలైటు వేసుకోబోయి 'చదివాను, అంగీకరిస్తున్నాను' అని నొక్కి, నొక్కిన వేలి వంక చూసుకుని ఉలిక్కిపడ్డాడట. తాను చదవలేదు. ఆయన నిప్పులాంటి మనిషి. ఆ వారంలోనే లెక్క తీయించాడు. రాష్ట్రంలో ఏటా నూట నలభై కోట్ల సార్లు జనం చదవనిదాన్ని చదివామని చెబుతున్నారని తేలింది. నిబంధనలను అంత పొడుగ్గా, ఎవరికీ అంతుపట్టకుండా రాసిన కంపెనీల తప్పేమైనా ఉందా అని కూడా ఒక కమిటీ నిష్పక్షపాతంగా పరిశీలించింది. వాళ్లు రాసిందంతా నిజమే కనుక లేదని తేల్చింది. అబద్ధమాడుతున్నది పౌరుడొక్కడే. అతన్ని సత్యమార్గంలో పెట్టడానికి అంగీకార పరిరక్షణ శాఖ పుట్టింది. ఇకపై నిబంధనలన్నీ తెలుగులో చదివి వినిపిస్తారు, విని ఒప్పుకున్నవాడికి ఒక నంబరు ఇస్తారు, ఆ నంబరు కొడితేనే మీట తెరుచుకుంటుంది.

విన్నట్టు రుజువేమిటన్న దగ్గర కమిటీ మూడు నెలలు ఆగిపోయింది. సంతకం కళ్లు మూసుకుని పెట్టొచ్చు. వేలిముద్రకు చెవులుండవు. అప్పుడొక సభ్యుడికి వాళ్ల నానమ్మ గుర్తొచ్చింది. ఆమె కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగేది. కమిటీ మొత్తానికి ఎవరి నానమ్మ వాళ్లకు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఆ తడి ఆరకముందే ఉత్తర్వు వచ్చింది. నిబంధనకు ఒక ఊ. ఊ ఒక సెకనుకు తగ్గరాదు, రెండు సెకన్లకు మించరాదు, ముక్కుతో గాక నోటితో అనవలెను. ఒక్క ఊ తప్పినా మొదటికి.

మానేటిపేట అంగీకార కేంద్రం ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫంక్షన్ హాల్లో పెట్టారు. కుర్చీలకు పెళ్లి నాటి ఎర్ర గుడ్డలు ఇంకా అట్లాగే ఉన్నాయి. వేదిక మీద వధూవరులు కూర్చునే సింహాసనాలు రెండు. ఒకదాంట్లో జిల్లా అంగీకారాధికారి భూమానందం గారు, రెండోదాంట్లో ఆయన ఫైళ్లు. మైకు దగ్గర చదివే ఆయన ఇదివరకు కూరగాయల మార్కెట్లో ధరలు చదివేవాడట. టమాటా మీద ఎంత మమకారం చూపాడో నిబంధనల మీదా అంతే చూపుతున్నాడు.

విడతకు నలభై మంది. నిబంధనలు వెయ్యిన్ని మూడు వందల పన్నెండు. పొద్దున పదికి మొదలైతే సాయంత్రం నాలుగవుతుంది. నలభై నోళ్లు ఒక్కసారి ఊ అంటుంటే దూరం నుంచి వినేవాళ్లకు హాల్లో గేదెలేమైనా కట్టేశారా అనిపిస్తుంది.

మొదటి రోజు శ్రీశైలం చాలా శ్రద్ధగా విన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. రెండు వందల పద్నాలుగో నిబంధన, మీరు ఈ యంత్రంలో తయారుచేసే బొమ్మలనూ రాతలనూ సంస్థ తన ఇష్టం వచ్చినట్టు వాడుకోవచ్చును అన్నది. అందరూ ఊ అన్నారు. శ్రీశైలానికి తన కార్డు కళ్లముందు కదిలి, నోటి నుంచి "ఏంది?" అని వచ్చింది.

చదివే ఆయన ఆగిపోయాడు. భూమానందం గారు సింహాసనం మీద ముందుకు వంగారు.

"'ఏంది' అనునది ప్రశ్న," అన్నారు. "ప్రశ్నలు స్వీకరించు అధికారము ఈ కేంద్రమునకు ఇవ్వబడలేదు. కావున పఠనము ప్రథమ నిబంధన నుండి పునఃప్రారంభించబడును."

మిగతా ముప్పై తొమ్మిది తలలూ ఒక్కసారి శ్రీశైలం వైపు తిరిగాయి. పక్క కుర్చీలో టైలరింగ్ చేసే బాలామణి ఉంది. ఆమె ఎంబ్రాయిడరీ మిషను కూడా కంప్యూటర్ చెప్పినట్టే ఆడుతుంది కనుక ఐదు రోజులుగా అదీ నిద్రలోనే ఉంది. ఆమె చేతులు జోడించి మెల్లగా చెప్పింది.

"వినకు తమ్మీ. ఊ కొట్టు. నీకు పుణ్యముంటది."

ఆ రోజు పఠనం పూర్తి కాకుండానే పొద్దు అయిపోయింది. రెండో రోజు ఆయన వినలేదు. పేర్లు ఏ రంగులో వేయాలో ఆలోచిస్తూ ఊ మీద ఊ కొట్టాడు. వెయ్యిన్ని నూట తొంభై దాటింది. ఇక నూరు చిల్లర ఉన్నాయనగా భూమానందం గారి కంప్యూటర్ టింగుమన్నది. కంపెనీ నిబంధనలు మార్చిందట, మళ్లీ మొదటికి. ముందుగా చెప్పకుండా ఎట్లా మారుస్తారని బాలామణి అడిగింది. నిబంధనలు మార్చుటకు మీకు ముందస్తు సమాచారము ఇవ్వనవసరము లేదని నాలుగు వందల పన్నెండవ నిబంధనలో ఉన్నదనీ, దానికి మధ్యాహ్నం పన్నెండుంబావుకు తమరే ఊ కొట్టియున్నారనీ భూమానందం గారు రికార్డు తీసి చూపించారు. నిజమే. కొట్టింది.

ఇక నాలుగు రోజుల గడువే ఉంది. శ్రీశైలం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోవడం మరిచిపోయాడు. లచ్చవ్వ విషయమంతా విని, ఇంతేనా అన్నది. అరవై దాటినవాళ్లు కుటుంబ ప్రతినిధులుగా వస్తే వాళ్లకు విడిగా చదివి వినిపించే సౌకర్యం ఉంది. మర్నాడు ఆమె ముతక చీర మార్చి, కళ్లద్దాలు పెట్టుకుని, కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

పదో నిబంధనకే ఆమె నిద్రపోయింది. అది కొడుకు ఒక్కడికే తెలిసింది. ముప్పై ఏళ్లు ఆమె భర్త మంచమ్మీద పడుకుని తన అన్నదమ్ములు తనకు చేసిన అన్యాయాలన్నీ చెప్పేవాడు. ఆమె పొద్దంతా పొలం పని చేసి వచ్చి, నిద్రపోతూనే, ఒక్కటి తప్పకుండా ఊ కొట్టేది. భర్త పోయినా ఆ విద్య పోలేదు. చదివే ఆయన ఆగిన చోటల్లా, సెకనుకు తగ్గకుండా, రెండు సెకన్లకు మించకుండా, నోటితో, వెయ్యిన్ని మూడు వందల పన్నెండు సార్లు ఊ వచ్చింది. భూమానందం గారు లేచి నిలబడ్డారు. తన సర్వీసులో ఇంతటి ఏకాగ్రతను చూడలేదనీ, కనులు మూసుకొని మరీ ఆలకించినారనీ, ఆదర్శ శ్రోతగా ఆమె పేరు పై అధికారులకు పంపుతాననీ అన్నారు. నంబరు రాయడానికి కలం తీశారు.

రిజిస్టరులో 'వినియోగ ప్రయోజనము' అని ఒక గడి ఉంది. కంప్యూటర్ ఎందుకోసమని అడిగారు. శ్రీశైలం కార్డుల పని అని చెప్పబోయాడు. అప్పుడే మేలుకున్న లచ్చవ్వకు ఆదర్శ శ్రోత అన్న మాట తలకెక్కి ఉంది. నా కొడుకు లగ్గం సారు, లగ్గం పత్రికలు కొట్టుకోవాలె అని గర్వంగా చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్ల ఎంత మంచిదంటే ఒక్కటే ఊ అన్నది, మారు మాట్లాడలేదు అని కూడా చెప్పింది.

కలం గాలిలో ఆగిపోయింది.

"ఒక్క ఊ," అన్నారు భూమానందం గారు. "ఎన్ని నిబంధనలకు?"

టార్చిలైటుకు మూడు వందల ఊలు, కంప్యూటరుకు వెయ్యిన్ని మూడు వందలు, జీవితమంతటికీ ఒక్కటా అని ఆయన తనలో తాను లెక్క వేసుకున్నారు. చదవని ఒప్పందాన్ని కార్డు మీద అచ్చువేస్తే అది అచ్చులో అబద్ధం. దానికి శాఖ నంబరిస్తే శాఖకూ అందులో భాగముంటుంది. వధువుకు వివాహ నిబంధనలు చదివి వినిపించి, ఆమె ఊ కొట్టిన పిదప మాత్రమే నంబరు ఇవ్వబడును అని ఫైలు మీద రాశారు.

శ్రీశైలం దుకాణంలో కూర్చుని నిబంధనలు రాశాడు. మూడు రోజులుగా విన్న భాష చెవుల్లో అట్లాగే ఉంది కనుక కలం దానంతటదే నడిచింది. ఇకపై 'వాడుకరి' అనగా కోడలు. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడును, వానకు కారినచో బాధ్యత లేదు. వరుడు కూడా ఉన్నవాడు ఉన్నట్టుగానే ఇవ్వబడును. లచ్చవ్వ పక్కన కూర్చుని చాయ్ ఏ పొద్దుకు కావాలో, చీపురు ఏ మూలకు ఉండాలో చెప్పింది. ముప్పై ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది రాసేటప్పుడు శ్రీశైలం పెద్దగా ఆలోచించలేదు. ఏ ఇంట్లోనైనా ఉండేదే కదా అనుకున్నాడు.

మర్నాడు స్వరూప ఖాకీ చొక్కా మీదే వచ్చింది. ఆమె బండికి కొత్త బస్టాండులో ఇరవై ఐదు నిమిషాల ఆగుదల. టికెట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. అవతలి పక్కన శ్రీశైలం, లచ్చవ్వ. వెనక బాలామణీ మిగతా వాళ్లూ తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. చదివే ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇల్లు కారడానికి ఆమె ఊ అన్నది. వరుడికీ అన్నది, కొంచెం నవ్వుతూ. చాయ్‌కి ఒక్క క్షణం ఆలోచించి అన్నది. ఎనిమిది అయ్యాయి.

"తొమ్మిది. వాడుకరి ఉద్యోగము కొనసాగించుటా మానుటా అను విషయమును ఇంటి పెద్దలు, ముందస్తు సమాచారము లేకుండా, ఎప్పుడైననూ నిర్ణయించవచ్చును."

ఊ రాలేదు.

చదివే ఆయన వినపడలేదేమోనని మళ్లీ చదివాడు, కొంచెం గట్టిగా. లచ్చవ్వ ఈసారి నిద్రపోలేదు.

"అమ్మా," అన్నారు భూమానందం గారు, "ఊ."

"నేను కొట్ట సారు."

"అనగా, తదుపరి నిబంధనతో కలిపి కొట్టెదరా?"

"లేదు. గిది నేను ఒప్పుకోను."

భూమానందం గారు రిజిస్టరు చూశారు. పేరుకు గడి ఉంది, ఊల సంఖ్యకు గడి ఉంది, ఇచ్చిన నంబరుకు గడి ఉంది. కంప్యూటర్ చూశారు. అందులో ఉన్నది ఒక్కటే మీట. అరవై పేజీల ఉత్తర్వు తీసి వేలు తడి చేసుకుంటూ చివరిదాకా తిప్పారు. మొదటిసారి ఆయన గొంతులో కొంచెం దిగులు వినిపించింది.

"ఇది అంగీకార కేంద్రము. అంగీకరించని వారు ఇచ్చటికి వత్తురని ఉత్తర్వులలో ఊహింపబడలేదు."

"ఒప్పుకోకుంటే ఏది నొక్కాల్నో లేనప్పుడు," అన్నది స్వరూప, చిల్లర లేని ప్రయాణికుడితో మాట్లాడినంత నిదానంగా, "ఒప్పుకున్నవా అని అడుగుడెందుకు సారు?"

వెనక బాలామణి లేచింది. అట్లయితే తనకు రెండు వందల పద్నాలుగు ఒప్పుకోలు లేదన్నది. ఇంకొకాయన నాలుగు వందల పన్నెండు కొట్టేయమన్నాడు. వారం రోజులుగా ఊ తప్ప మాట్లాడని హాలు ఒక్కసారిగా మాటల్లో పడింది. ఇన్ని వందల ఊల కింద ఎవరెవరికి ఏమేమి వినిపించిందో అప్పుడు బయటపడింది. భూమానందం గారు, విధి నిర్వహణలో భాగంగా, స్వరూప జవాబును కంప్యూటర్లో ఊల సంఖ్య వేసే గడిలోనే టైపు చేసి పంపారు. తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

దయచేసి వేచియుండుడు అని ఆయన హాలుకంతా చెప్పారు. ఎవరూ వినలేదు.

ఆ గోలలో స్వరూప లేచి, చదివే ఆయన దగ్గరున్న కాగితం తీసుకుని వచ్చి శ్రీశైలం ముందు నిలబడింది.

"ఈ తొమ్మిదోది మీరు రాసిండ్రా, కంపెనీ రాసిందా?"

లచ్చవ్వ కొడుకు మోచేయి గిల్లింది. ఆ గిల్లుడుకు అర్థం ఆయనకు తెలుసు. తర్వాత చూసుకుందామని చెప్పు, ముందు ఊ అననియ్యి. మేనమామ గడువు ఇంక రెండు రోజులు. అవతల నాలుగు నెలల మూఢం.

"నేనే రాసిన," అన్నాడు శ్రీశైలం. "రాసినప్పుడు చదువలేదు."

ఆయన జేబులోంచి కలం తీసి తొమ్మిదో నిబంధన మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత కొట్టాడు. గీత గట్టిగా పడి కాగితం కొంచెం చిరిగింది. వేదిక మీద నుంచి భూమానందం గారు, సవరణ జరిగినందున పఠనము మొదటి నుండి అని అలవాటుగా అన్నారు.

స్వరూప గడియారం చూసుకుంది. బయట ఆమె బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

"ఇంక ఇరవై తొమ్మిది ఉన్నయి," అన్నది. "గిన్ని ఐదు నిమిషాలల్ల ఎట్ల తెగుతయి? మూఢం పోనీయుండ్రి. ప్రతి బేస్తారం ఈ బండి మీదనే వస్త. నాలుగు నాలుగు చదువుదాం. నావి గూడ ఉన్నయి, అవి మీరు వినాలె." కాగితం మడిచి టికెట్ల సంచిలో పెట్టుకుంది. "మా మేనమామతోని నేను మాట్లాడుకుంట."

వెళ్లిపోయింది. లచ్చవ్వ పన్నెండోది కూడా పోయిందని కుర్చీలో కూలబడింది.

చక్రం పదకొండు రోజులు తిరిగింది. రాజధానిలో అన్ని జిల్లాల తాళాలూ ఆ చక్రానికే కట్టి ఉన్నాయట, రాష్ట్రమంతా ఆగిపోయింది. పన్నెండో రోజు కొత్త ఉత్తర్వు వచ్చింది. నిబంధనలు చదువుట వలన అంగీకారమునకు తీవ్ర విఘాతము కలుగుచున్నట్లు అనుభవములో తేలినందున ఇకపై పౌరులెవ్వరూ వాటిని చదవరాదు. అబద్ధమునకు తావులేకుండా మీట మీది రాత మాత్రము సవరించడమైనది. మర్నాటి నుంచి అన్ని తెరల మీదా 'నేను చదవలేదు, అంగీకరిస్తున్నాను' అని వచ్చింది. దాన్ని నొక్కిన మొదటి రోజే రాష్ట్రం నూటికి నూరుపాళ్లు సత్యం పలికిందని శాఖ ప్రకటించింది. ఆ నిప్పులాంటి అధికారికి పదోన్నతి దొరికింది. భూమానందం గారు ఫైళ్లు సర్దుకుని వెళ్లారు, ఆదర్శ శ్రోత ప్రశంసాపత్రం మాత్రం లచ్చవ్వకు పోస్టులో పంపారు.

శ్రీశైలం కంప్యూటర్ తెరుచుకుంది. కార్డు అంతా సిద్ధం చేసి తేదీ గడి ఖాళీగా వదిలేశాడు.

ప్రతి గురువారం ఇరవై ఐదు నిమిషాలు కొత్త బస్టాండు బెంచీ మీద చదివారు. చీపురు మూల దగ్గర రెండు వారాలు పట్టింది. ముప్పై ఎనిమిదిలో చివరికి పదకొండు మిగిలాయి. ఆమెవి పదహారు చేరాయి. పొద్దుటి డ్యూటీ ఉన్న రోజున అన్నం ఆయన వండాలన్నదాని మీద శ్రీశైలం గట్టిగానే వాదించి, ఓడిపోయి, కూర మాత్రం ముందురోజుది పెట్టుకోవచ్చన్న సవరణ సాధించాడు. ఒక వారం ఆమె రాలేదు. ఆ వారం ఆయన కొట్టిన కార్డుల్లో రెండింటి మీద వరుడి పేరు తప్పుపడింది. ఆ పై వారం వచ్చి, డ్యూటీ మార్చారని చెప్పి, ఆగిన చోట నుంచే మొదలుపెట్టింది.

మూఢం పోయిన మొదటి సోమవారం తేదీ గడి నిండింది. మేనమామ గుమ్మంలో నిలబడి పసుపు పెట్టిన కార్డు తీసుకుని, రెండు వైపులా చదివి, సరే వస్తానన్నాడు.

లగ్గానికి ముందు ఆడవాళ్లంతా పసుపు దంచుతుంటే, ఇంతకాలం ఆగాక కూడా పిల్ల మనసు మారలేదు, నీ అదృష్టం అని ఎవరో లచ్చవ్వతో అన్నారు. లచ్చవ్వ రోకలి ఆపింది.

"పదకొండు మంది ఆలోచన చేయకుంటనే పోయిండ్రు," అన్నది. "ఈమె నాలుగు నెలలు ఆలోచన చేసి వస్తున్నది. ఇగ నేను ఏమంటనే ఈమెను?"